కాంబోకు కాంబో ఎదురైతే: వెంటనే దూకడమా, ముందు చేయి చూడడమా?

సంక్రాంతి సెలవులకు హాస్టళ్ల నుంచి భీమవరం, అమలాపురం, కాకినాడ చేరుకునే కుర్రాళ్లలో మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవారు తక్కువే గానీ, ఆడేవారి మధ్య ఒక వాదం మాత్రం ఎప్పటికీ తెగదు. పాత కార్డులనూ వాడనిచ్చే లెగసీ ఫార్మాట్‌లో స్టార్మ్ డెక్ పట్టుకున్నవారికి షో అండ్ టెల్ డెక్ ఎదురైతే, వీలైనంత త్వరగా దూకి ఆట ముగించడం మేలా, లేక డ్యురెస్, థాట్‌సీజ్‌లతో ప్రత్యర్థి చేతిలోని కార్డులు ముందుగా తీసేయించి ఆ తర్వాత దిగడం మేలా అన్నదే ఆ వాదం. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ విడివిడిగా పట్టుకున్నవారు ఎక్కువగా ఓడిపోతారు. అసలు తేల్చుకోవలసింది మరొకటి ఉంది: రెండో టర్న్ ముందుగా ఎవరికి వస్తుంది?

డెక్కుల స్వభావం క్లుప్తంగా చెప్పుకుందాం. రెండూ కాంబో డెక్కులే, అంటే కొన్ని కార్డుల కలయికతో ఒక్కసారిగా ఆట ముగించేవి. స్టార్మ్ డెక్ ఒకే టర్న్‌లో వరుసగా స్పెల్స్ వేసి, చివర 2003లో వచ్చిన టెండ్రిల్స్ ఆఫ్ అగనీతో ముగిస్తుంది. ఆ టర్న్‌లో అంతకుముందు పడిన ప్రతి స్పెల్‌కూ దానికి ఒక కాపీ పుడుతుంది, ఒక్కొక్కటి 2 లైఫ్ తీస్తుంది కాబట్టి, ప్రత్యర్థికి మొదట ఉండే 20 లైఫ్ పోవాలంటే టెండ్రిల్స్ పదో స్పెల్ కావాలి. 1998 నాటి షో అండ్ టెల్‌కు ఖర్చు 3 మనా (కార్డు వేయడానికి చెల్లించే శక్తి) మాత్రమే. అది పడితే ఇద్దరు ఆటగాళ్లూ తమ చేతిలోని క్రీచర్ (రాక్షసి), ల్యాండ్ (మనా ఇచ్చే కార్డు) వంటి ఒక కార్డును ఉచితంగా బల్ల మీదకు దించవచ్చు. ఆ డెక్ దించేది సాధారణంగా ఎమ్రాకుల్‌నో గ్రిసెల్‌బ్రాండ్‌నో, రెండూ భారీ రాక్షసులే. దానికి రక్షణగా 4 ఫోర్స్ ఆఫ్ విల్ కార్డులుంటాయి. 1 లైఫ్ ఇచ్చి, చేతిలోని మరొక నీలం కార్డును వదులుకుంటే మనా లేకుండానే ఎదుటి స్పెల్‌ను కౌంటర్ చేయవచ్చు, అంటే ఫలించకుండా ఆపవచ్చు. (స్టార్మ్‌కు ప్రాణమైన, మనా ఇచ్చే లయన్స్ ఐ డైమండ్ కార్డు, మళ్లీ ముద్రించబోమని కంపెనీ మాట ఇచ్చిన జాబితాలో ఉంది. కనుక స్నేహితుల మధ్య ఆటలో జిరాక్స్ తీసి స్లీవ్‌లో పెట్టుకున్న కాగితంతో సరిపెట్టుకోవడం తప్పేమీ కాదు.)

వెంటనే దూకేవారి పక్షాన బలమైన లెక్కే ఉంది. 60 కార్డుల డెక్‌లో 4 ఫోర్సులుంటే, మొదటి 7 కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం సుమారు 40 శాతం. డెక్ పైకార్డులను చూసి ఎంచుకోనిచ్చే పాండర్, బ్రెయిన్‌స్టార్మ్‌ల సాయంతో 12 కార్డులు చూసేసరికి అది 60 శాతానికి చేరుతుంది. అంటే ఆగిన ప్రతి టర్న్ ప్రత్యర్థికే లాభం. అయితే ఆ 40 శాతం ఎదురైనప్పుడు జరిగే నష్టం చిన్నది కాదు. చేయి ఖాళీగా ఉంటేనే ఇన్ఫర్నల్ ట్యూటర్ కోరిన కార్డునల్లా తెచ్చి ఇస్తుంది కనుక, స్టార్మ్ ఆటగాడు ట్యూటర్ వేసి, అది ఫలించకముందే లయన్స్ ఐ డైమండ్‌ను త్యాగం చేసి, మిగిలిన చేతినంతా పారేసి 3 మనా తీసుకుంటాడు. అనుభవమున్న ప్రత్యర్థి అంతకుముందు పడిన రిచువల్స్‌ను (మనా పెంచే స్పెల్స్) చూసీ చూడనట్టు వదిలేసి, సరిగ్గా ఈ ట్యూటర్ మీదే ఫోర్స్ వేస్తాడు. అప్పుడు చేతిలో కార్డులూ ఉండవు, మనాతో చేయగలిగేదీ ఉండదు.

నింపాదిగా ఆడాలనే పక్షం మీద ఎక్కువ చర్చ అనవసరం. ఎదుటివారి స్పెల్స్‌ను ఆపుతూ నెమ్మదిగా గెలిచే కంట్రోల్ డెక్ మీద అది సరైన పద్ధతే, ఎందుకంటే ఆ డెక్ మనల్ని వెంటనే చంపదు. షో అండ్ టెల్ మూడో టర్న్‌కే పని ముగించగలదు. 2 లైఫ్ తీసుకుని ఒకేసారి 2 మనా ఇచ్చే ల్యాండ్ ఏన్షియంట్ టూంబ్ ఉంటే రెండో టర్న్‌కే.

ఇక ఒక చేతిని దగ్గరగా చూద్దాం. మీరు ముందు ఆడుతూ మొదటి టర్న్‌లో థాట్‌సీజ్ వేశారు. రమ్మీలో ఎదుటివారు పారేసిన ముక్కలను బట్టి చేతిని ఊహించుకోవలసి వస్తుంది గానీ, ఇక్కడ చేయంతా బల్ల మీద పరచి చూపించాల్సిందే. ఐలాండ్, ఏన్షియంట్ టూంబ్, పాండర్, షో అండ్ టెల్, ఫోర్స్, గ్రిసెల్‌బ్రాండ్, ఎమ్రాకుల్ కనిపించాయి. రెండో టర్న్‌కు మీ చేతిలో ల్యాండ్, 2 డార్క్ రిచువల్స్, 2 లయన్స్ ఐ డైమండ్స్, ఇన్ఫర్నల్ ట్యూటర్ ఉంటాయి. రిచువల్స్ రెండూ, డైమండ్స్ రెండూ, ట్యూటర్ కలిసి 5 స్పెల్స్, ట్యూటర్ తెచ్చిన పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ ఆరోది, అది గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి మళ్లీ వేయనిచ్చే రెండు రిచువల్స్, ట్యూటర్‌తో 9, పదోది టెండ్రిల్స్. సరిగ్గా 20.

కాబట్టి ఇక్కడ తీయవలసింది ఫోర్స్. ప్రత్యర్థి తన టర్న్‌లో ఒక కార్డు తీసి, పాండర్‌తో 3 కార్డులు చూసి, నచ్చక డెక్ కలిపి మరొకటి తీసినా, మిగిలిన 3 ఫోర్సుల్లో ఒకటి దొరికే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతే. షో అండ్ టెల్‌ను తీసి ఫోర్స్‌ను వదిలితే, ఆ ఫోర్స్ మీ ట్యూటర్‌ను ఆపడం ఖాయం.

అదే చేతులతో మీరు రెండో ఆటగాడైతే జవాబు తలకిందులవుతుంది. మీ రెండో టర్న్ కంటే ముందు ప్రత్యర్థి రెండో టర్న్ వస్తుంది. టూంబ్, ఐలాండ్ కలిపి 3 మనా అతని దగ్గర సిద్ధంగా ఉంటుంది. మీరు ఫోర్స్ తీసినా, గ్రిసెల్‌బ్రాండ్ దిగి 7 లైఫ్‌కు 7 కార్డుల చొప్పున తీసుకుంటే మరో ఫోర్స్ దొరకకపోవడం కష్టం. అందువల్ల షో అండ్ టెల్‌నే తీయాలి, ఒక టర్న్ ఆలస్యాన్ని భరించాలి, ఫోర్స్ కోసం మరో డ్యురెస్ వెతుక్కోవాలి.

అతని చేతిలో గ్రిసెల్‌బ్రాండ్ లేకుండా ఎమ్రాకుల్ మాత్రమే ఉంటే, రెండో ఆటగాడైనా ఫోర్స్‌నే తీయమంటాను. షో అండ్ టెల్‌తో దిగిన ఎమ్రాకుల్ ఆ టర్న్‌లో దాడి చేయలేదు. వేసిన స్పెల్ కాదు కనుక అదనపు టర్న్ కూడా ఇవ్వదు. పైగా అదే షో అండ్ టెల్‌తో మీరొక ల్యాండ్‌ను ఉచితంగా దించుకోవచ్చు. ప్రత్యర్థి మనా అంతా ఖర్చై, ఫోర్స్ పోయి ఉండగా మీ టర్న్ మొదలవుతుంది. 15/15 రాక్షసిని చూసి కంగారుపడేవారిని చాలామందిని చూశాను గానీ, ఈ పోటీలో భయపడవలసింది 7/7 గ్రిసెల్‌బ్రాండ్‌కే.

గ్రిసెల్‌బ్రాండ్ దిగినంత మాత్రాన ఆట వదిలేయనక్కరలేదు. టూంబ్ 2 లైఫ్ తీసింది, 14 కార్డులకు 14 లైఫ్ పోయింది, మిగిలింది 4. ఇప్పుడు టెండ్రిల్స్‌కు ముందు ఒక్క స్పెల్ చాలు. నేరుగా టెండ్రిల్స్ మీద ఫోర్స్ వేస్తే అసలు కార్డు ఆగుతుంది గానీ కాపీలు ఆగవు. ఫోర్స్‌కు ఇచ్చే 1 లైఫ్ కూడా ఆ నాలుగులోంచే పోతుంది. అయితే అతనికి మళ్లీ టర్న్ ఇవ్వకూడదు, దాడి చేస్తే 7 లైఫ్ తిరిగి వస్తుంది.

రెండో ఆటకు ప్రత్యర్థి తన అదనపు కార్డుల్లోంచి ఫ్లస్టర్‌స్టార్మ్ అనే కౌంటర్ కార్డు తెచ్చుకుంటాడు. ఒక్క నీలం మనాతో అది టెండ్రిల్స్ కాపీలను కూడా ఆపగలదు కనుక, డ్యురెస్‌కు ఫోర్స్, ఫ్లస్టర్‌స్టార్మ్ రెండూ కనిపించి, అతని దగ్గర వాడని నీలం మనా ఉంటే, ఏది తీసినా సగం పనే అవుతుంది. మీరు తెచ్చుకునే జాంటిడ్ స్వార్మ్ అనే చిన్న క్రీచర్ దాడి చేసిన టర్న్‌లో అతడు ఏ స్పెల్ వేయలేడు గానీ, ఆ దాడికి ఒక టర్న్ ఆగాలి; మొదటి టర్న్‌లో దించలేకపోతే దాన్ని తేవడం నాకు ఇష్టం లేదు. మొదటి ఆట ఓడినవారికి ముందు ఎవరు ఆడాలో ఎంచుకునే హక్కు ఉంటుంది. స్టార్మ్ చేతపట్టినవారు ముందు ఆడడమే ఎంచుకోవాలి. అందుకు మొదటి టర్న్‌లో తీసుకోకుండా వదులుకునే ఆ ఒక్క కార్డు రెండో టర్న్ విలువకు సాటి రాదు.