టూల్‌తో పాటు ఆన్ అయ్యే వాక్యూమ్ కొనే వడ్ల అన్నలు జర ఆగుండ్రి

మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి రాస్తున్న. మాది వడ్ల పని, అంటే వడ్రంగం. టేకు దర్వాజలు, కిటికీలు, మంచాలు చేస్తం. మా దిక్కు టేకు గురించి ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు, బల్లార్ష డిపో కట్టె అయోధ్య గుడి తలుపుల దాక పోయింది. గని ఆ టేకు దుమ్ము ఏం చేస్తదో సాండర్, అంటే కట్టెను నున్నగ రుద్దే మిషన్, పట్టినోనికే ఎరుక. మెడ మీద దురద, సాయంత్రం ముక్కు చీదితే గోధుమ రంగు. మా నాయిన ముప్ఫై ఏండ్లు మూతికి తువాల కట్టుకొని చేసిండు, ఇప్పుడు రాత్రంత దగ్గుతడు. కట్టె దుమ్ము ముక్కుల క్యాన్సర్ తెస్తదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లనే తేల్చింది. కాబట్టి దుమ్ము గుంజే వాక్యూమే వద్దని నేను అంటలేను. ఏం చూసుకోకుంట కొని మునిగిననో అది చెప్తున్న.

చంద్రాపూర్‌ల 11,800 పెట్టి తెచ్చిన. 1400 వాట్లు, 20 లీటర్ల డ్రమ్ము. ముంగట ఒక సాకెట్ ఉంటది. కట్టర్ మిషనో, గాడులు కొట్టే రూటరో దాంట్ల పెట్టి బటన్ నొక్కితే వాక్యూమ్ దానంతటదే మొదలైతది. మనం ఆపినంక ఇంకో ఏడెనిమిది సెకన్లు తిరిగి, పైపుల మిగిలిన పొట్టును గుంజి ఆగుతది. దుకాణంల ఆన్ చేసి చూపెట్టిండ్రు, అంతే, నేను పడిపోయిన. సాకెట్ పక్కన స్టిక్కర్ కూడ ఉంది, 2000 వాట్ల టూల్ దాక నడుస్తదని.

ఐదు వారాలు మంచిగనే నడిచింది.

ఒకనాడు కట్టర్ ఆపినా వాక్యూమ్ ఆగలే. సాకెట్‌ల నుంచి ప్లగ్గు పీకిన, అయినా తిరుగుతనే ఉంది. గోడ స్విచ్ బంద్ చేస్తే గని ఆగలే. మళ్ల ఏస్తే బాగనే ఉన్నది, సరే తియ్ అనుకున్న. అక్కడనే నేను తప్పు చేసిన. నాలుగో రోజు రూటర్‌తోని గాడి కొడుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. సాకెట్ చుట్టూ మచ్చ పడ్డది, రూటర్ సగం గాడిల ఆగింది. ఆ చెక్క కూడ కరాబైంది, అది ఈ 11,800 లెక్కల లేదు.

మా ఊరి మోటర్ వైండింగ్ ఆయన విప్పిండు. మోటర్‌కు ఏం కాలేదు. లోపలి కరెంటు బోర్డు మీద అగ్గిపెట్టె కన్న చిన్న రిలే, అంటే వాక్యూమ్‌ను దానంతటదే ఆన్, ఆఫ్ చేసే స్విచ్, దాని మీద 10 ఆంపియర్లని రాసి ఉంది. లోపలి పాయింట్లు వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుపోయినయ్. సాకెట్‌కు పోయే వైరు క్లిప్పు వదులై నల్లగ మాడింది. వాక్యూమ్ 1400, కట్టర్ 1400, రెండూ కలిపి 2800 వాట్లు. 230 వోల్టులకు లెక్క కడితే 12 ఆంపియర్లు, అంత కరెంటు ఒక్క వైరు నుంచే రావాలె. ప్లగ్గు 16 ఆంపియర్లది, అది తట్టుకుంటది. గని ఇసొంటి మోటర్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం, నడిచేటప్పటికన్న ఎన్నో రెట్లు గుంజుతది. ఇల్లు ఊడ్చేటోళ్లు రోజుకు రెండుసార్లు ఆన్ చేస్తరు. పట్టీలు కోసేటప్పుడు మనం రెండొందలు, మూడొందల సార్లు బటన్ నొక్కుతం. నొక్కినప్పుడల్ల ఆ దెబ్బ ఆ చిన్న రిలేనే తినాలె. ఏ సౌలత్ చూసి కొన్ననో అదే మొదలు పోయింది.

మళ్ల చంద్రాపూర్ పోయిన. దుకాణపాయన వారంటీ కార్డు తిరగేసి చూపెట్టిండు. "భావు, ఇది ఇంటి వాడకానికే, పని చేసే షాపుల వాడితే వారంటీ రాదు" అని మరాఠీల చెప్పిండు. డబ్బా మీద వేలెడంత అక్షరాలల్ల 'వర్క్‌షాప్ వాక్యూమ్' అని ఉన్నది, కార్డు వెనుక చీమ తలకాయంత అక్షరాలల్ల షాపుల వాడొద్దని ఉన్నది! బోర్డు కావాలంటే నాగపూర్ పంపాలె, ధర వాళ్లే చెప్తరట.

కంపెనీ పేరు ఎందుకు రాస్తలేవని అడుగుతరు. ఆలాపల్లిల మా బామ్మర్ది కొన్నది వేరే పేరు, వేరే రంగు. రెండూ పక్కపక్కన పెట్టి విప్పితే లోపల బోర్డు అచ్చం అదే. ఒక పేరు చెప్తే మీరు ఇంకో పేరుది తెచ్చుకుంటరు.

మా బామ్మర్దిది ఇంకో తీరుగ పోయింది. ఫిల్టర్ కింద రబ్బరు రింగు సరిగ కూసోలే, సన్న దుమ్మంత సందుల నుంచి మోటర్‌లకు పోయింది. మూడు నెలలల్ల కార్బన్లు, అంటే తిరిగే మోటర్‌కు రాసుకుంట కరెంటు ఇచ్చే ముక్కలు, అరిగినయ్. కార్బన్లు, ఫిల్టర్లు అసలే వారంటీల లేవు. మంచి మోటర్‌లనైనా కార్బన్లు కొన్ని వందల గంటలే వస్తయి, దుమ్ము తింటే అంత కూడ రావు.

ఇంకొకటి, సప్పుడు సంగతి. ఫిల్టర్ నిండినంక వాక్యూమ్ గొంతు సన్నగ, గట్టిగ అయితది. నేను చాన రోజులు అది జోరుగ గుంజుతుందనే అనుకున్న. నిజానికి గాలి పోతలేదు, మోటర్‌కు పని లేక ఉత్తగ స్పీడు పెరిగింది. గుంజే గాలితోనే చల్లబడే మోటర్ అయితే అప్పుడే వేడెక్కి మాడుతది. మా ఎండాకాలం 45 డిగ్రీలల్ల ఇంక చెప్పొద్దు. నీళ్లు కూడ గుంజే మిషన్లల్ల చల్లగాలి దారి వేరే ఉంటది, గని ఆ గాలి వచ్చేది మన షాపుల నుంచే, అంటే దుమ్ముతోనే.

ఇప్పుడు కట్టర్‌ను, వాక్యూమ్‌ను వేరే వేరే గోడ సాకెట్లల్ల పెడుతున్న. వాక్యూమ్ మొదలుపెట్టి పది ముక్కలు వరుసగ కోసి అప్పుడు ఆపుతున్న. నడుమ మూతకు సైక్లోన్ గరాట, అంటే గాలిని సుడి తిప్పి చెత్తను కింద పడేసేది, బిగించిన పెయింట్ బకెట్ పెట్టిన, రందా చెత్తంత దాంట్లనే పడుతది, ఫిల్టర్ దాక సన్న దుమ్మే పోతది. బకెట్ దళసరిది తీసుకోండ్రి, పల్చటిది పైపు మూసుకుంటే లోపలికి చప్పిడైతది. నాది రెండుసార్లు అయింది.

కొనేటోళ్లు దుకాణంలనే కార్డు వెనుక చదివించుకోండ్రి. డబ్బా మీద ఎల్, ఎమ్, హెచ్ అని దుమ్ము క్లాసు ఉందా చూడుండ్రి. ఎల్ అంటే నూటికి ఒకటి దాక దుమ్ము బయటికి వదలొచ్చు, ఎమ్ అంటే వెయ్యికి ఒకటి. నా దాని మీద ఏ అక్షరమూ లేదు. కార్బన్లు, ఫిల్టరు విడిగ దొరుకుతయా అడగండ్రి, దొరకవంటే వదిలెయ్యుండ్రి.

ఇక 'షాపుల వాడితే వినియోగదారుడు కాదు' అని ఎవరన్న అంటే భయపడకండ్రి. సొంతంగ పని చేసుకొని బతికేటోడు ఆ బతుకు కోసమే కొన్నదాన్ని వ్యాపారం కింద లెక్కపెట్టొద్దని 2019 వినియోగదారుల చట్టంలనే ఉంది. మనం ఉండే జిల్ల వినియోగదారుల కమిషన్‌లనే కేసు వెయ్యొచ్చు, రెండేండ్ల లోపల వెయ్యాలె, ఐదు లక్షల దాక ఫీజు లేదు. నేను ముందుగాల వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన, బిల్లు, కార్డు, కాలిన బోర్డు ఫోటోలు పెట్టిన. జవాబు రాలే. రాకుంటే కేసు వెయ్య గడ్చిరోలి పోవుడే.

బోర్డు తీసేయించి, మామూలు స్విచ్ పెట్టించి నడుపుకుంటున్న. కాలిన సాకెట్ మీద మా తమ్ముడు టేపు అతికించి, 'ఇక్కడ పెట్టొద్దు' అని పెన్సిల్‌తోని రాసిండు.