యిప్ యూ చాంగ్ గోడబొమ్మల వెంట సింగపూర్: టికెట్ లేని నడకకు ఒక సమీక్ష

మెర్లయన్, మరీనా బే, సెంటోసా చూసి వచ్చేస్తే సింగపూర్‌ అంతా నిన్నగాక మొన్న కట్టిన ఊరిలా అనిపిస్తుంది. అంతకుముందు అక్కడ మనుషులు ఎలా బతికారో తెలియాలంటే మ్యూజియానికే వెళ్లనక్కర్లేదు. చైనాటౌన్, ఎవర్టన్ రోడ్, టియోంగ్ బారు సందుల్లో యిప్ యూ చాంగ్ వేసిన గోడబొమ్మలు వెతుక్కుంటూ ఒక పూట నడిస్తే చాలు. టికెట్ లేదు, బుకింగ్ లేదు. ఏ బొమ్మ ఏ సందులో ఉందో చిత్రకారుడి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అయితే బొమ్మలన్నీ ఒకే స్థాయివి కావు, అన్నిటికీ కాళ్లరగదీసుకోవలసిన పనీ లేదు.

యిప్ 1969లో పుట్టారు. చిన్నతనం చైనాటౌన్‌లోని సేగో లేన్‌లో గడిచింది. ఫైనాన్స్ ఉద్యోగం చేస్తూనే 2015లో ఎవర్టన్ రోడ్ గోడల మీద బొమ్మలు మొదలుపెట్టారు, 2018లో ఉద్యోగం వదిలి పూర్తిగా ఇందులోకే వచ్చారు. స్ప్రే డబ్బాలతో వేసే గ్రాఫిటీ కాదు ఇది, కుంచె పని. వస్తువులన్నీ దాదాపు అసలు సైజులోనే ఉంటాయి. అందుకే కొన్ని బొమ్మల ముందు నిలబడితే మనమూ ఆ గదిలోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది.

మెట్రో డౌన్‌టౌన్ లైన్‌లో తెలోక్ ఆయెర్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడికి దగ్గర్లోనే తియాన్ హాక్ కెంగ్ గుడి ఉంది. చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన హోక్కియెన్ జనం క్షేమంగా సముద్రం దాటించినందుకు మాజు దేవతకు కట్టుకున్న గుడి ఇది, 1842లో పూర్తయింది. అప్పట్లో గుడి ముందే సముద్రం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో పూడ్చుకుంటూ పోవడంతో ఒడ్డు దూరమైంది, ఇప్పుడు ఆ దిక్కున ఆఫీసు టవర్లే కనిపిస్తాయి. ముందు గుడి లోపలికి వెళ్లి, ఆ తర్వాత వెనక అమోయ్ స్ట్రీట్ వైపు రండి. వెనక గోడ పొడవునా 44 మీటర్ల బొమ్మ ఉంది, 2017లో వేసినది. హోక్కియెన్ వలసదారులు ఊరు వదలడం దగ్గర్నుంచి ఇక్కడ కూలీనాలీ చేసి స్థిరపడేదాకా కథ వరుసగా నడుస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్లకు కథ అందదు. ఓడ ప్రయాణం ఉన్న కొసన మొదలుపెట్టి నెమ్మదిగా నడవండి, ఇరవై నిమిషాలు పడుతుంది. మొత్తం దారిలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడాలి. సముద్రం కనిపించని చోట నిలబడి ఆ ఊరు సముద్రం మీద నుంచి ఎలా వచ్చిందో చూస్తున్నాం కదా, ఆ పని ఇంకే గోడా చేయలేదు.

ఫొటో సంగతి. గుడి ముఖం పాత ఒడ్డు వైపు, అంటే ఇంచుమించు ఆగ్నేయానికి ఉంది కాబట్టి వెనక గోడ మీద పొద్దున నీడే ఉంటుంది, రంగులు సమంగా వస్తాయి. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా పడి లేత రంగులు తెల్లబోతాయి. ఫోన్‌లో పనోరమా తీస్తే పొడవాటి గోడ మధ్యలో ఉబ్బినట్టు వస్తుంది. దాని బదులు గోడకు సమాంతరంగా జరుగుతూ, ఒకదానిలో మూడోవంతు తర్వాతిదానిలో కూడా వచ్చేలా విడివిడి ఫొటోలు తీసుకోవడం మేలు.

అమోయ్ స్ట్రీట్ నుంచి ఆన్ సియాంగ్ హిల్ పార్కు మెట్లెక్కితే క్లబ్ స్ట్రీట్ వస్తుంది. పిల్లల బండి ఉన్నా, మోకాళ్ల నొప్పులున్నా మెట్ల జోలికి పోకుండా క్రాస్ స్ట్రీట్ మీదుగా చుట్టి రండి. క్లబ్ స్ట్రీట్ పక్కనున్న మొహమ్మద్ అలీ లేన్‌లో లాంతర్ల పండుగ, సింహనృత్యం, మామక్ దుకాణం బొమ్మలున్నాయి. మామక్ అంటే దక్షిణాది నుంచి వెళ్లిన ముస్లింలు నడిపిన చిల్లర కొట్టు. మన పల్లెటూరి కిరాణా కొట్టు చూసినవాళ్లకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. సందు ఇరుకు, ముందు వాహనం ఆగిందంటే సగం బొమ్మ పోయినట్టే.

సౌత్ బ్రిడ్జ్ రోడ్ దాటితే చైనాటౌన్ నడిబొడ్డు. శ్రీ మారియమ్మన్ గుడి ఇక్కడే ఉంది, మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దర్శనం కావాలంటే పన్నెండు లోపే చేరుకోవాలి. స్మిత్ స్ట్రీట్, టెంపుల్ స్ట్రీట్ చుట్టుపక్కల యిప్ బొమ్మలు ఎక్కువ. వాటిలో రెండింటిని మాత్రం వదలొద్దు. మొదటిది ఉత్తరాలు రాసిపెట్టే పెద్దాయన. చదువు రాని కూలీల మాటలు విని, స్వదేశంలోని ఇంటికి ఉత్తరం రాసిచ్చేవాళ్లు ఒకప్పుడు ఈ వీధి అరుగుల మీదే కూర్చునేవారు. రెండోది చిత్రకారుడు తన చిన్ననాటి ఇంటిని గుర్తుచేసుకుని వేసిన బొమ్మ. ఇందులో ఒక లోటు ఉంది. ఆ రోజుల్లో చైనాటౌన్ షాప్‌హౌస్‌ల (కింద కొట్టు, పైన ఇల్లు ఉండే భవనాల) మేడమీద చెక్క పలకలతో గదులు విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం సర్దుకునేది. ఆ ఇరుకు, ఉక్కపోత, ఉమ్మడి వంటింటి తగువులు బొమ్మలోకి పెద్దగా రాలేదు. అన్నీ ముద్దుగా, శుభ్రంగా ఉంటాయి. జ్ఞాపకం చేసే పని అదే అనుకోవచ్చు. కానీ చరిత్ర మొత్తం ఇదేనని పిల్లలకు చెప్పకండి. పక్కనే చైనాటౌన్ హెరిటేజ్ సెంటర్ ఉంది, అది తెరిచి ఉంటే లోపలికి వెళ్లండి, మిగతా సగం అక్కడ తెలుస్తుంది. చైనాటౌన్‌లో ఒపేరా, మాస్కుల వ్యాపారి వంటి మిగతా బొమ్మలు దారిలో తగిలితే చూడండి, వాటికోసం ఎండలో తిరగొద్దు.

అక్కడి నుంచి ఎవర్టన్ రోడ్‌కి కిలోమీటరుకు పైనే నడక. ఎండ ఎక్కువైతే మాక్స్‌వెల్‌లో రైలెక్కి ఒక్క స్టేషన్ దాటి ఔట్రమ్ పార్క్‌లో దిగి నడవండి. ఇక్కడివి తొలినాటి బొమ్మలు: బట్టలుతికే ఆమా, మంగలి, స్పాటిస్‌వుడ్ పార్క్ రోడ్ వైపు కిరాణా దుకాణం. ఆమాలంటే చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చి ధనికుల ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లు. తెల్ల రవిక, నల్ల పైజామా వాళ్ల గుర్తు. వాళ్లు పనిచేసినలాంటి ఇళ్ల మధ్యే ఆ బొమ్మ ఉండటం వల్ల దానికంత బలం. అయితే ఇవి ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇళ్లు. గేటు ముందు గుంపుగా నిలబడటం, గోడెక్కడం, ఉదయం ఎనిమిదికి ముందే గోల చేయడం పద్ధతి కాదు.

చివరి మజిలీ టియోంగ్ బారు. ఔట్రమ్ పార్క్ నుంచి హావ్‌లాక్ ఒక్క స్టేషనే, అదే థామ్సన్-ఈస్ట్ కోస్ట్ లైన్. టియోంగ్ బారు అని పేరున్న స్టేషన్‌లో దిగితే నడక ఎక్కువవుతుంది, చాలామంది పేరు చూసి అక్కడే దిగిపోతారు. 1930లలో బ్రిటిష్ ప్రభుత్వం కట్టించిన గుండ్రటి మూలల మేడల కాలనీ ఇది. ఎంగ్ వాట్ స్ట్రీట్‌లో సంత, జాతకాలు చెప్పే మనిషి. టియోంగ్ పో రోడ్‌లో పాతకాలపు ఇంటి హాలు. సెంగ్ పో లేన్‌లో పక్షుల పంజరాలు. మూడూ ఐదారు నిమిషాల దూరంలోనే ఉన్నాయి. పక్షుల బొమ్మే వీటిలో మేలు, ఎందుకంటే ఒకప్పుడు ఈ పేటలోనే పెంపుడు పక్షుల పంజరాలు వేలాడదీసి, కాఫీ తాగుతూ వాటి పాటలు వినేవారు. జాతకాల బొమ్మ ముందు సరుకు దించే వ్యాన్లు ఆగుతుంటాయి, పది నిమిషాలు ఓపిక పడితే కదులుతాయి.

మొత్తం దారి నాలుగైదు కిలోమీటర్లు. తీరిగ్గా చూస్తే ఐదు గంటలు, తిండితో కలిపి ఆరు. రైల్లో మన బ్యాంకు కార్డే తాకించి వెళ్లొచ్చు, కాకపోతే విదేశీ కార్డు మీద ఛార్జీ కాక కొంత రుసుము అదనంగా పడుతుంది, అది రోజుకింత అని లెక్క. అందుకని తిరుగుడంతా ఒకే రోజున పెట్టుకుంటే లాభం. గొడుగు తప్పనిసరి, ఎండకీ వానకీ. మధ్యాహ్నం ఉరుములతో కురిసే వాన గంటలో వెలిసినా, ఆ తర్వాత గోడలు తడిసి రంగులు ముదురుగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల పెచ్చులూడటం చూస్తారు, చెమ్మా ఎండా కలిసి చేసే పని అది. చిత్రకారుడే మళ్లీ వచ్చి దిద్దితే తప్ప అవి అలాగే ఉంటాయి. భవనం యజమాని మనసు మారినా, మరమ్మతులొచ్చినా బొమ్మ చెరిగిపోవచ్చు. కాబట్టి పాత బ్లాగు పట్టుకుని కాకుండా, వెళ్లే ముందురోజు చిత్రకారుడి వెబ్‌సైట్‌లో జాబితా సరిచూసుకోండి. గోడ మీద పేరు గీకే సరదా ఉన్నవాళ్లు వెంట ఉంటే ముందే చెప్పి ఉంచండి: అక్కడ 1966 నాటి వాండలిజం చట్టం కింద జరిమానా, జైలుతో పాటు బెత్తం దెబ్బలు కూడా ఉన్నాయి.

గైడ్ అవసరమా అంటే, చరిత్ర కొంచెం చదువుకుని వెళ్లేవాళ్లకు అక్కర్లేదు. తిండికి మాత్రం వారం చూసుకోండి. అమోయ్ స్ట్రీట్ ఫుడ్ సెంటర్ ఆఫీసు జనం మీద నడిచేది, శని ఆదివారాల్లో చాలా కొట్లు తెరవవు. టియోంగ్ బారు మార్కెట్‌లో సోమవారం చాలావరకు సెలవు, మిగతా రోజుల్లోనూ కొన్ని కొట్లు మధ్యాహ్నానికే సర్దేస్తాయి. అందుకే మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఎనిమిదింటికి తెలోక్ ఆయెర్‌లో దిగండి, ఒంటిగంటకు టియోంగ్ బారు మార్కెట్ మేడమీద భోజనానికి కూర్చోవచ్చు.