మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏఎంసీలో ఒక్క షరతు గురించి

తెనాలిలో మాది ఒకే కౌంటర్ ఉన్న మెడికల్ షాపు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విజయవాడలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి నడుపుకునే చిన్న సంస్థది, చాలా ఏళ్లుగా వాడుతున్నాను. స్టాకు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అలర్టు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. చెప్పదలచుకున్నది ఏఎంసీ (ఏటా డబ్బు కట్టి చేసుకునే నిర్వహణ ఒప్పందం) గురించి, అందులోనూ ఒక్క షరతు గురించి. ప్రభుత్వం పన్ను రేట్లు మార్చినా, బిల్లు రూపం మార్చినా దానికి కావలసిన పనంతా ఏఎంసీలోనే చేస్తారు, విడిగా పైసా తీసుకోరు. ఆ షరతు ఉన్నందుకు నేను నిజంగా సంతోషించిన సందర్భం 2025 సెప్టెంబరు.

సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది, 22 నుంచి అమలు. 12 శాతంలో ఉన్న మందులు దాదాపు అన్నీ 5కి, 33 రకాల ప్రాణాధార మందులు సున్నాకి. టీవీలో వినడానికి ఇంతే, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకి మాత్రం తల తిరిగిపోయింది. పన్ను ఎంఆర్‌పీలోనే కలిసి ఉంటుంది కదా, స్ట్రిప్పు మీద 112 అని అచ్చై ఉన్నా 22 పొద్దున్నుంచి దాన్ని 105కే అమ్మాలి. పోనీ స్టాకంతటికీ ఒకే తగ్గింపు కొట్టేద్దామా అంటే అదీ కుదరదు, ఎందుకంటే ఇన్సులిన్ లాంటివి ముందునుంచీ 5లోనే ఉన్నాయి, వాటికి తగ్గించేదేమీ లేదు. టూత్‌పేస్టు, సబ్బు, థర్మామీటరు ఏమో 18 నుంచి 5కి వచ్చాయి, వాటి లెక్క వేరు.

21 ఆదివారం. తెల్లారితే శరన్నవరాత్రులు, విజయవాడ అంతా ఇంద్రకీలాద్రి హడావుడిలో ఉంది. ఈ టైంలో మనల్ని ఎవరు పట్టించుకుంటారులే అనుకుంటుంటే సాయంత్రం వాళ్ల ప్రోగ్రామర్ కుర్రాడే ఫోన్ చేశాడు. "గురువుగారూ, షాపు ఎన్నింటికి కట్టేస్తారు? ఆ తర్వాత కూర్చుందాం."

షట్టర్ దించాక ఎనీడెస్క్‌లోకి, అంటే తన దగ్గర నుంచే మా కంప్యూటర్‌లోకి వచ్చాడు. ముందు నా చేత బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, కాపీ ఒకటి తన దగ్గరికి లాక్కుని, అది సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే అప్‌డేట్ మొదలుపెట్టాడు. రేటు మారే ఐటమ్‌లన్నీ ఒక లిస్టులో వచ్చాయి. వాటిలో అనుమానం ఉన్నవి ఎర్రగా కనిపించేలా పెట్టి, ఒక్కొక్కటీ నన్ను అడిగి, నేను సరే అన్నాకే దాటాడు. పడుకునేసరికి అర్ధరాత్రి దాటింది గానీ టెన్షన్ మాత్రం లేదు.

సోమవారం పొద్దున్నే బీపీ మాత్రల కోసం ఒక పెద్దావిడ వచ్చింది. స్ట్రిప్పు తిప్పి చూసి, "రేట్లు తగ్గాయన్నారు గదయ్యా, దీనిమీద పాత రేటే ఉందే?" అంది. బిల్లు చేతికిచ్చాను. ఎంఆర్‌పీ 112.00, దాని పక్కనే కొత్త ధర 105.00. ఆ రెండో కాలమ్ నేను అడిగింది కాదు, జనం ఏమడుగుతారో ముందే ఊహించి అతనే పెట్టాడు. కొత్త ధర అచ్చైన స్టాకు వచ్చేదాకా ఆ ఒక్క కాలమ్ మా కౌంటర్‌లో ఎన్ని గొడవలు ఆపిందో చెప్పలేను. మా వీధిలోనే ఇంకో షాపాయనకి వేరే సంస్థ సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ అప్‌డేట్‌కి వాళ్లు విడిగా డబ్బు అడిగారు, అది తేలేదాకా ఆయన చేత్తో బిల్లులు రాసుకున్నాడు.

ఇంతవరకూ మెచ్చుకోలే. అయితే అదే వారం ఒకాయన వాళ్ల నాన్న డిశ్చార్జ్ అయ్యారని మిగిలిన ఇంజెక్షన్లు వాపసు తెచ్చాడు. బిల్లు 22కి ముందుది. పాత బిల్లు మీద వచ్చే రిటర్న్‌కి పాత రేటే పడాలి, సిస్టమ్ మాత్రం 5 శాతమే వేసి ఆయన కట్టిన దానికంటే తక్కువ చూపించింది. సంస్థకి ఫోన్ చేస్తే ప్రోగ్రామర్ పండక్కి ఊరెళ్లాడు, ఫోన్ ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు గానీ ఆ కోడ్ తనకి తెలియదన్నాడు. పైగా ఇది మోడిఫికేషన్ కిందకి వస్తుందేమో, చార్జి పడొచ్చేమో అన్నాడు. కాగితం తీసి షరతు చదివి వినిపించాను, చార్జి మాట వదిలేశాడు. అయినా సరిచేసింది దసరా వెళ్లాకే. అప్పటిదాకా వాపసులకి ఇచ్చే క్రెడిట్ నోట్లు చేత్తో రాసి, విడిగా ఫైల్ చేసి మా ఆడిటర్‌కి ఇవ్వాల్సి వచ్చింది. ఉచితంగా చేస్తామని ఉంది తప్ప ఎప్పట్లోగా చేస్తారో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అందుకే రెన్యువల్‌లో పట్టుబట్టి గడువు రాయించుకున్నాను. బిల్లింగ్ ఆగిపోతే రెండు గంటల్లో, లెక్క తప్పితే రెండు పనిదినాల్లో. కోడ్ తెలిసిన రెండో మనిషి ఒకరు ఉండాలని కూడా అడిగాను, చూస్తామన్నారు, రాసివ్వలేదు.

ఇంకో మాట. ఏఎంసీ కట్టకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందా లేదా అన్నది కూడా అడగండి. అంతకుముందు నేను వాడిన సంస్థది గడువు దాటగానే లాక్ అయ్యేది, పాత బిల్లు ప్రింట్ కూడా వచ్చేది కాదు. కొన్ని రకాల మందుల అమ్మకాలు విడిగా రాసే షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ మూడేళ్లు ఉంచాలి, జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, అలాంటి డేటాకి ఇంకొకరు తాళం వేస్తే మన గతేంటి? ఇప్పుడున్న వాళ్లది ఏఎంసీ ఆగినా తెరుచుకుంటుంది, డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇస్తామని రాసిచ్చారు.

ఒక కౌంటర్, రెండు సిస్టమ్‌లు ఉన్న నాలాంటివాడికి వీళ్లు చాలు. నాలుగు బ్రాంచీలు ఉన్నవాళ్లయినా, రోజుకి వందల బిల్లులు కొట్టే హోల్‌సేల్ ఏజెన్సీ అయినా ఒకే ప్రోగ్రామర్‌ని నమ్ముకోమని నేను చెప్పలేను. నేను మాత్రం ఈ ఏడాదికీ డబ్బు కట్టేశాను. ఆ రెండో మనిషి సంగతి వచ్చే రెన్యువల్‌లో మళ్లీ అడుగుతాను.