తుప్పు మందు నల్లబడుతుంది, నిజమే. ఆ తర్వాత?

రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పు మీద పూస్తే దాన్ని నల్లటి పొరగా మార్చే మందు, ఎలా పూయాలో డబ్బా మీదే రాసుంటుంది కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. నేను వాడుతున్నది టానిన్ (కాయల్లో, బెరడుల్లో ఉండే వగరు పదార్థం) రకం. పోసినప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, తుప్పు తగిలాక నల్లబడుతుంది. వాడింది ప్రీమియర్ పద్మిని మీద. 1980ల నాటి బండి, మా మావయ్యది. ఆయన పోయాక చాలా ఏళ్ళు కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద పడుంది. మాది రాజోలు దాటి అంతర్వేది వైపు. ఆ గాలికి ఇనుము ఏమవుతుందో తెలియాలంటే మా వీధిలో ఎవరింటి కిటికీ ఊచలైనా చూడొచ్చు.

పద్మిని తయారీ ఆగి పాతికేళ్ళవుతోంది. బొంబాయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీలు కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. పాత తలుపు పాడైతే కొత్త తలుపు తెచ్చుకుందాం అనుకునే బండి కాదు. ఉన్న రేకునే కాపాడుకోవాలి. అందుకే ఈ మందు మీద అంత ఆశ పెట్టుకున్నాను.

మందులో నాకు బాగా నచ్చింది ఆ నలుపే. వైర్ బ్రష్షుతో రాలే తుప్పంతా రాల్చేసి పల్చగా పూస్తే, ఎర్రటి తుప్పు చూస్తుండగానే ఊదాలోకి, ఆపైన నీలినలుపులోకి తిరుగుతుంది. అరటికాయ తరిగాక కత్తిపీట ఎందుకు నల్లబడుతుందో ఇదీ అందుకే. కాయలోని టానిన్ ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది. పెడన కలంకారీలో నలుపు కూడా ఇలాగే పుడుతుంది. గుడ్డని ముందు కరక్కాయలో తడిపి, తుప్పు ఇనుము బెల్లంలో ఊరబెట్టిన నీళ్ళు దానిమీద అద్దుతారు. ఈ లెక్కన నా చేతిలో ఉన్నది ఏదో మాయమందు కాదు, మనవాళ్ళకి ఎప్పటినించో తెలిసిన విషయమే, డబ్బాలో పోసి అమ్ముతున్నారు. మొదటి ఏడాది నేను చేసిన ప్రచారానికి మా తోడల్లుడు ట్రాక్టరు మడ్‌గార్డులకి పూసుకున్నాడు, పక్కింటివాళ్ళు గేటుకి పూసుకున్నారు. వాళ్ళవి బానే ఉన్నాయి. నా మాట కూడా బానే ఉంది, కాకపోతే దానికిప్పుడు కొన్ని తోకలు తగిలించాలి.

ఒకటి ముందే చెప్పేస్తాను. పద్మినికి జీపులా విడి ఛాసిస్ ఉండదు. బాడీయే బండిని మోస్తుంది. తలుపుల కింద బండి పొడవునా పోయే పెట్టె భాగం, నేల రేకు, జాకీ పెట్టే చోటు పుచ్చిపోతే మందు పని కాదు. నేను అక్కడ కూడా పూద్దామంటే మా టింకరింగు మేస్త్రి స్క్రూడ్రైవరుతో పొడిచి చూపించాడు.

"ఆయ్, మందేసి ఏం లాభం మాస్టారూ, అక్కడ రేకుంటే కదండీ పట్టుకోడానికి!"

పుచ్చిన మేర కోసేసి, 20 గేజి రేకు సీఓటూ వెల్డింగుతో అతికించాడు. గ్యాస్ వెల్డింగయితే వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుందట. ఆ భాగం సంగతి అంతటితో సరి. ఇక చెప్పాల్సింది తలుపుల గురించి.

ఎడమవైపు తలుపులు రెండూ దీపావళి వెళ్ళాక చేశాను. కుడివైపువి వేసవి సెలవుల్లో. అదే మందు, అదే రెడాక్సైడు ప్రైమరు, అదే రంగు, అదే షెడ్డు. ఇంకా చెప్పాలంటే కుడివైపే ఎక్కువ ఓపిగ్గా చేశాను, ఎండలు కాబట్టి రేకు బాగా ఆరింది కూడా. రెండు పక్కలా ఒకేలా నల్లబడింది. వానాకాలం వచ్చి వెళ్ళింది. కుడి తలుపుల అడుగున, చెయ్యి వేస్తే గరుగ్గా తగిలేలా ఆవగింజలంత బుడగలు లేచాయి. ఎడమవైపు నున్నగా ఉంది.

నాకు పట్టిన కోపం అంతా ఇంతా కాదు. మొదట డబ్బాని అనుమానించాను. తేదీ దాటలేదు. రెడాక్సైడుని అనుమానించాను. అదే డబ్బాలోది ఎడమవైపు పడింది కదా. గాలిలో చెమ్మకి రంగు పాడయిందేమో అనుకుందామంటే, చెమ్మలో కొడితే తెల్లబారాలి గాని ఇలా బుడగలెందుకు వస్తాయి? మేస్త్రి మాత్రం తేల్చేశాడు: "కంపెనీ మందులు మన గాలికి ఆగవండీ." అలాగైతే ఎడమవైపు మాత్రం ఎందుకు ఆగినట్టు? దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

ఒక బుడగ గోటితో గిల్లి చూశాను. లోపల చెమ్మ. రంగు పొర వెనక మందు నలుపు చెక్కు చెదరకుండా అలాగే ఉంది, దాని కింద కొత్తగా నారింజరంగు తుప్పు. పైన నలుపు నలుపుగానే ఉంది, కింద పని జరిగిపోయింది.

జవాబు చెప్పింది మా బావ. అతనికి కార్ల గురించి ఏమీ తెలీదు. రొయ్యల చెరువులు చేస్తాడు. చెరువుల వాళ్ళకి ఏ జబ్బొచ్చినా ముందు అడిగేది నీళ్ళ గురించే కదా.

"రంగెయ్యకముందు కడిగావా? ఏ నీళ్ళతో?"

"వేసవి కదా బావా, కాలువ లేదు. బోరుతోనే."

బావ బండి డిక్కీలోంచి సాలినిటీ (నీళ్ళ ఉప్పదనం) చూసే గొట్టం తెచ్చాడు, చెరువు గట్ల మీద కంటికి పెట్టుకుని చూస్తారే, అది. మా బోరు నీళ్ళు చుక్క వేసి చూస్తే 3 చూపించింది, అంటే వెయ్యి పాళ్ళలో మూడు పాళ్ళు ఉప్పు. సముద్రం నీళ్ళయితే 35 దగ్గర ఉంటుంది. తాగడానికి పనికిరాదని మాకు తెలుసు, బట్టలకి సబ్బు నురగ రాదనీ తెలుసు, అయినా రేకు కడగడానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది ఎవరికైనా. మా లంకకి గోదారి నీళ్ళు పి.గన్నవరం అక్విడక్టు (కాలువని నది దాటించే వంతెన) మీదుగా వైనతేయ పాయ దాటి రావాలి. ఎండాకాలంలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. అప్పుడు అందరికీ బోర్లే గతి. దీపావళికి నేను కడిగింది కాలువ నీళ్ళతో. తేడా అంతా అదే.

మా స్కూలు కెమిస్ట్రీ మాస్టారిని అడిగితే విషయం ఇంకాస్త తెలిసింది. టానిన్ తుప్పుతో కలిసి నల్లటి పదార్థం అవుతుంది, అంతే. ఉప్పుని అది ముట్టుకోదు. తుప్పు గరుకులో ఇరుక్కున్న క్లోరైడు అలాగే ఉండిపోయి, గాలిలో చెమ్మని పొర కిందకి లాక్కుంటుంది. పైగా ఆ క్లోరైడు తుప్పు పుట్టించడంలో ఖర్చయిపోదు. ఒకచోట పని ముగించి పక్కకి జరుగుతుంది. అందుకే చిటికెడు ఉప్పు మిగిలినా చాలు. మరి ఉప్పు ఉన్నచోటా, లేనిచోటా మందు ఒకేలా నల్లబడుతుంది. నా ఫిర్యాదల్లా ఇదే: నాకు అంత ఇష్టమైన ఆ నలుపు నాకేమీ చెప్పలేదు. డబ్బా మీద "శుభ్రంగా కడిగి ఆరనివ్వండి" అని ఉంది. శుభ్రమైన నీళ్ళంటే ఏమిటో తీరప్రాంతం వాళ్ళకి ఇంకో ముక్క రాసుంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

ఆ తర్వాతి ఏడాది జూలైలో షెడ్డు రేకు అంచున సగం కోసిన పీవీసీ పైపు కట్టి వాన నీళ్ళు డ్రమ్ములకి పట్టాను. తొలి వాన వదిలేశాను, రేకు మీది దుమ్మూ ఉప్పూ అందులో పోతాయని. బావ గొట్టంలో ఆ నీళ్ళు సున్నా గీత దాటలేదు. కుడి తలుపుల అడుగు భాగం మళ్ళీ గీకి, వాన నీళ్ళు కాచి వేడివేడిగా పోసి కడిగి, హీట్ గన్నుతో ఆరబెట్టి, మళ్ళీ కడిగి, అప్పుడు మందు పూశాను. పెళ్ళికూతురికి కూడా అన్ని స్నానాలు చేయించరని మా ఆవిడ అంది. ఇప్పటికి ఆ తలుపుల మీద బుడగ లేదు. ఒక్క చోట తప్ప.

ఆ ఒక్క చోటు తలుపు అడుగున బయటి రేకుని లోపలి రేకు మీదకి మడిచిన అంచు. మడతలోకి బ్రష్షు వెళ్ళదు, నీళ్ళు వెళ్ళినా ఉప్పు పట్టుకుని బయటికి రావు, మందు నోటి దగ్గరే ఎండిపోతుంది. అక్కడ మళ్ళీ పొంగింది. ప్రస్తుతానికి తలుపు అడుగున పూడుకుపోయిన నీటి రంధ్రాలు తీసి, లోపలికి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (రేకుల మధ్య బోలులోకి కొట్టే మైనం) కొట్టి ఉంచాను. కాలిన ఇంజనాయిలు కొట్టమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. దుమ్ము పట్టి, రబ్బరు బీడింగులు ఉబ్బిపోతాయని నేను ఒప్పుకోలేదు.

మిగతా చిన్న చిన్నవి. మధ్యాహ్నం ఎండలో పూయకండి, రేకు కాలుతుంటే మందు పని మొదలెట్టకముందే ఆరిపోతుంది. గిన్నెలో మిగిలింది తిరిగి డబ్బాలో పోస్తే డబ్బా అంతా పాడవుతుంది. మెరిసే రేకు మీద దీనికి పనిలేదు, పట్టుకోడానికి తుప్పు కావాలి. ఎపాక్సీ ప్రైమరు వేసే ఉద్దేశం ఉంటే దాని కాగితం ముందు చదవండి. ఎక్కువ రకాలు తుప్పు లేకుండా గీకి తీసిన రేకునే అడుగుతాయి, ఈ నల్లపొరని కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం బోల్టులకి, బ్రాకెట్లకి వాడి చూశాను. చేతికి గ్లవుజులు ఉండాలి గాని పని చురుగ్గా చేస్తుంది. కాకపోతే తర్వాత కడగాలి, మళ్ళీ నీళ్ళ గొడవే.

కొనొచ్చా అంటే, మీ ఇల్లు ఎక్కడో చెప్పండి. రాజమండ్రిలోనో, మండపేటలోనో ఉండి మంచినీళ్ళ కొళాయి ఉన్నవాళ్ళకి నేను మొదట్లో పొగిడినట్టే పొగుడుతాను. రాజోలు, మలికిపురం, నరసాపురం దిగువన అయితే ముందు నీళ్ళు చూపించుకోండి. రొయ్యల చెరువులున్న ఊళ్ళో ఆ గొట్టానికి కొరత ఉండదు. నా బండి షెడ్డులోనే ఉంటుంది, సెలవురోజు మలికిపురం దాకా తిరుగుతుంది, నరసాపురం వెళ్ళాలంటే పంటు (బండ్లని నది దాటించే పడవ) ఎక్కించకుండా చించినాడ వంతెన మీదుగా తిప్పుకుపోతాను. వేసవిలో పంటు రేవు దగ్గర వశిష్ఠ పాయ నీళ్ళు ఉప్పగానే ఉంటాయి మరి. రోజూ బయట నిలబడే బండికి ఈ మందు ఎన్నాళ్ళు ఆగుతుందో నా అనుభవంతో చెప్పడం కుదరదు. అలాంటి బండికి నేనైతే మేస్త్రి మాటే విని, అడుగు రేకు కోయించేస్తానేమో. నా డబ్బాలో ఇంకా సగం ఉంది. డిక్కీలో స్టెపినీ గుంట దానికోసమే ఆపాను, వానలు పడ్డాక చేస్తాను.