డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్: నాలుగు స్టార్లు, ఒకటి అట్టపెట్టెకు కోత

1996లో గుంటూరులో మా ఇంట్లో మూరెడు ఏరియల్ ఉన్న కార్డ్‌లెస్ ఉండేది. మా బావగారు దుబాయ్ నుంచి తెచ్చారు. ఓ సాయంత్రం ఆన్ చేస్తే ఎదురింటావిడ వాళ్ల చెల్లెలికి పెళ్లిచూపుల సంగతులు చెబుతోంది, కట్నం లెక్కతో సహా. నేను కట్ చేయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అది 49 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే అనలాగ్ సెట్. అదే ఛానెల్‌లో ఇంకో సెట్ ఉంటే చాలు, మాట రేడియోలో వచ్చినట్టు వచ్చేస్తుంది. వాళ్లవి మనకు వినపడితే మనవీ వాళ్లకు వినపడతాయిగా! మర్నాటి నుంచి ఇంట్లో డబ్బు మాటలన్నీ వైరు ఫోన్‌లోనే.

పోయిన నెల ఫైబర్ కనెక్షన్ లాండ్‌లైన్‌కి రెండు హ్యాండ్‌సెట్ల డెక్ట్ ఫోన్, అంటే డిజిటల్ కార్డ్‌లెస్, కొన్నాను. గొంతు స్పష్టంగా ఉంది, బ్యాటరీ బాగుంది, అంకెలు కళ్లజోడు లేకుండా కనపడుతున్నాయి. కానీ పెట్టె మీద రింగ్‌టోన్ల లెక్క కూడా ఉంది గానీ ఎన్‌క్రిప్షన్ (మాటను బయటివాళ్లకు అర్థం కాకుండా సంకేతాలుగా మార్చడం) మాటే లేదు. షాపు కుర్రాణ్ణి అడిగితే "డిజిటల్ అంకుల్, ఎవరికీ వినపడదు" అన్నాడు.

డిజిటల్ అయితే సరిపోదు బాబూ. 2008 డిసెంబర్‌లో బెర్లిన్‌లో హ్యాకర్ల సభలో కొందరు పరిశోధకులు ల్యాప్‌టాప్‌లో పెట్టే ఓ చవక కార్డుతో డెక్ట్ కాల్స్ పట్టి వినిపించారు. చాలా సెట్లలో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసే ఉండేది కాదు మరి.

అందుకని రాత్రి కూర్చుని మాన్యువల్ మొత్తం చదివాను. మా సెట్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే వస్తుంది. బేస్ (లైను తగిలించే పెట్టె) పిన్ మాత్రం 0000, వెంటనే మార్చేశాను. అసలు మెలిక చివర్లో ఉంది: సిగ్నల్‌ని దూరం అందించే రిపీటర్ పెడితే ఎన్‌క్రిప్షన్ ఆగిపోతుందట! పై గదిలో సిగ్నల్ అందక రిపీటర్ అప్పటికే కొనేశాను. తిరిగిచ్చేశాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. మీరు ఏది కొన్నా మాన్యువల్‌లో ఆ ఒక్క ముక్క వెతికి కొనండి.

ఇప్పుడు పై గదిలో ఉండే మా అత్తగారు ఫోన్ వస్తే మెట్ల మలుపు దాకా దిగొచ్చి మాట్లాడుతున్నారు. అక్కడి కిటికీ వీధి వైపుకే. ఆవిడ గొంతుకి ఏ ఎన్‌క్రిప్షనూ లేదు.