‘ది ప్రిన్స్’ తెలుగు అనువాదం: నీటి సంఘంలో పనిచేసిన రైతు మాట

రాజు రాజ్యాన్ని ఎట్లా నిలబెట్టుకోవాలో చెప్తూ 500 ఏళ్ల కింద ఇటలీలో మాకియవెల్లి రాసిన ‘ది ప్రిన్స్’ తెలుగు అనువాదం పోయిన నెల నెల్లూరులో ఒక షాపులో కొన్నాను, 180 రూపాయలు. రెండుసార్లు చదివాను కాబట్టి రాస్తున్నా. స్టార్లు నాలుగు.

ముందు తీసేసిన ఆ ఒక్క స్టార్ సంగతి. అట్ట మీద కిరీటం, కత్తి, కింద పెద్ద అక్షరాలతో శత్రువుని ఓడించే రహస్యాలు అని వేశారు, లోపల అట్లాంటిదేమీ లేదు, అది చూసి కొన్న కుర్రాళ్లు మూడో అధ్యాయంలోనే పక్కన పడేస్తారు. ఒకే మనిషి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా అచ్చయింది. మ్యాపు లేదు. అప్పట్లో ఇటలీ ఒక దేశం కాదు, ఫ్లోరెన్స్, వెనిస్, మిలన్, నేపుల్స్, పోపు రాజ్యం అని ముక్కలుగా ఉండేది, ఆ ముక్కల మీదికి ఫ్రాన్సూ స్పెయినూ వచ్చి పడుతుండేవి అని చెప్పే రెండు పేజీల ముందుమాటైనా వేసి ఉంటే చదివేవాళ్లకి సగం కష్టం తగ్గేది. తెలుగు మాత్రం బాగుంది, ఎక్కడా బిగుసుకుపోలేదు.

రాసిన మనిషి గురించి వెనక అట్ట మీద నాలుగు లైన్లే ఉన్నాయి. అన్యాయం అనిపించింది. ఈయన రాజు కాదు, ఉద్యోగి. 1469లో ఫ్లోరెన్స్‌లో పుట్టి, 29 ఏళ్లకే ఆ రిపబ్లిక్‌లో కార్యదర్శి అయ్యి, 14 ఏళ్లు ఫ్రాన్స్ రాజు దగ్గరికీ, పోపు దగ్గరికీ, పోపు కొడుకూ సేనానీ అయిన సీజర్ బోర్జియా దగ్గరికీ రాయబారిగా తిరిగాడు. కిరాయి సైన్యం మనది కాదని చెప్పి పల్లెల్లో మనుషుల్ని పోగుచేసి సొంత సైన్యం తయారుచేయించాడు. 1509లో పీసా నగరాన్ని తిరిగి దక్కించుకోవడానికి అది పనికొచ్చింది, 1512లో ఫ్లోరెన్స్ పక్కనున్న ప్రాటో ఊళ్లో స్పెయిన్ సైన్యం ముందు నిలవలేకపోయింది. అంతకుముందు ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచి కుటుంబం తిరిగొచ్చింది, ఈయన ఉద్యోగం పోయింది. మరుసటి ఫిబ్రవరిలో కుట్ర కేసులో జైల్లో వేసి, చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి వదిలేవాళ్లు, అట్లా ఆరుసార్లు. బయటికొచ్చాక పొలంలో ఉంటూ, పగలంతా కట్టెలు కొట్టేవాళ్లతో, సత్రంలో పేకాటతో గడిపి, సాయంత్రం బురద బట్టలు విప్పేసి దర్బారు బట్టలు వేసుకుని నాలుగు గంటలు పాత గ్రంథాల ముందు కూర్చునేవాడంట. 1513 డిసెంబరు 10న స్నేహితుడు వెట్టోరికి రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. ఆ ఉత్తరం ఈ పుస్తకంలో కచ్చితంగా వేసి ఉండాల్సింది.

ఆ రోజుల్లోనే మన ఉదయగిరి కోటని కృష్ణదేవరాయల సైన్యం ముట్టడిస్తోంది, 1514లో కోట దక్కింది. రాయలు కూడా తర్వాత ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పాడు, కానీ అది గెలిచిన రాజు చెప్పిన మాట. ‘ది ప్రిన్స్’ అన్నీ పోగొట్టుకున్న ఉద్యోగి, తనని కొట్టించిన కుటుంబానికే అంకితం ఇస్తూ, మళ్లీ పని ఇప్పించండి అని రాసిన మాట. ఆ పాత ఉద్యోగం మళ్లీ దొరకలేదు. 1527లో పోయాడు, పుస్తకం అచ్చయింది 1532లో.

నాకు 17వ అధ్యాయం గుండెకి తగిలింది. నేను మా కాలవ నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేశాను. పై రైతులు రాత్రిపూట గట్టుకి గండి కొట్టి నీళ్లు మళ్లించుకుంటుంటే, మనవాళ్లే కదా, పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి కదా అని గట్టిగా అడగలేదు. కాలవ నీళ్లు చూసే లస్కర్ వచ్చి చెప్పినా చూద్దాంలే అన్నాను. మంచోడు అనే పేరు నాకు దక్కింది, ఆ ఏడు చివరి ఆయకట్టులో ఎడగారు, అంటే రెండో పంట, పైరు పొట్ట మీద ఎండిపోయింది. మాకియవెల్లి సరిగ్గా ఇదే చెప్తాడు. పిస్టోయా అనే ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటుంటే, క్రూరులు అనే చెడ్డపేరు రాకూడదని ఫ్లోరెన్స్ గట్టి చర్య తీసుకోలేదు, ఊరే నాశనమైంది, మరి అది దయ ఎట్లా అవుతుంది అంటాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

రాజు మీద జనానికి ప్రేమ, భయం రెండూ కుదరకపోతే భయమే మేలు అన్న ముక్కని అందరూ పట్టుకుంటారు, దాని వెంటనే ఉన్నది వదిలేస్తారు. భయపడాలి గానీ అసహ్యించుకోకూడదు, జనం ఆస్తి జోలికి అసలు పోవద్దు, తండ్రి చావునైనా మర్చిపోతారు గానీ తండ్రి ఆస్తి పోతే మర్చిపోరు అని అక్కడే రాశాడు. భూమి తగాదాలు చూసినవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు.

25వ అధ్యాయంలో అదృష్టాన్ని ఏటి వరదతో పోలుస్తాడు. సగం మన చేతిలో లేదు, సగం ఉంది, ఏరు నిమ్మళంగా ఉన్నప్పుడే కట్టలు వేసుకోవాలి అంటాడు. 2021 నవంబరులో పెన్నా వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కోసుకుపోయినప్పుడు మేం చూసింది ఇదే, పొర్లుకట్ట గురించి వరద రోజున మాట్లాడితే ఏం లాభం! ఇది ఊరికే చెప్పిన పోలిక కూడా కాదు. 1504లో పీసాకి నీళ్లు అందకుండా ఆర్నో నదిని మళ్లించే పనిలో ఈయన ఉన్నాడు, లియోనార్డో డావిన్చీ కూడా దానికి పటాలు గీశాడు, ఆ పని చెడిపోయింది.

18వ అధ్యాయంతో నాకు పేచీ ఉంది. అవసరం తీరాక మాట తప్పొచ్చు, మోసపోయేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు అంటాడు. రాజ్యాల మధ్య ఏమో గానీ, ఒకే కాలవ నీళ్లు తాగే ఊళ్లో ఒకసారి మాట తప్పితే తర్వాత మీటింగుకి ఎవరూ రారు. ఇది నేను చూసిందే, ఎంత పెద్దాయన రాసినా ఒప్పుకోను.

సంఘాలు, సొసైటీలు, అపార్ట్‌మెంట్ కమిటీలు నడిపేవాళ్లు కొనండి. మొదటినుంచి కాకుండా 15 నుంచి 19 దాకా చదివి, 25 చదివి, అప్పుడు మొదటికి రండి. అక్షరాలు చిన్నవి, పెద్దవాళ్లకి రాత్రిపూట కష్టం. నా కాపీ ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న తమ్ముడికి ఇచ్చాను, 17 దగ్గర పేజీ మడిచి.