కోనసీమ యాత్ర: గది బుక్ చేసేముందు ఏ ఒడ్డో తేల్చుకోండి

కోనసీమ అనగానే చాలామంది రాజమండ్రిలో హోటల్ తీసుకుని, పొద్దున్నే కారెక్కి, అంతర్వేది చూసి రాత్రికి తిరిగొచ్చేస్తారు. అలా వెళ్తే చూసేది కారు అద్దంలోంచి కొబ్బరిచెట్లే. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ కాబట్టి ఇక్కడ దూరాలు మ్యాపు చెప్పినట్టు ఉండవు. నరసాపురం గట్టు మీద నిలబడితే అవతల సఖినేటిపల్లి రేవులో మనుషులు కనిపిస్తూనే ఉంటారు. పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే బల్లకట్టు, నడుస్తుంటే కాసేపట్లో అక్కడుంటాం. నడవకపోతే చించినాడ వంతెన దాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. అందుకే ఏ పాయకి ఏ పక్కన ఉండాలో ముందు తేల్చుకుంటే సగం ప్లాను అయిపోయినట్టే.

మేం రాజోలు వైపు ఉందామనుకున్నాం కనుక హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పాలకొల్లులో దిగాం. రాజమండ్రికైతే రైళ్ళు ఎక్కువ, విమానం కూడా ఉంది. కానీ అక్కడి నుంచి మేం దిగబోయే దిండికి రోడ్డు మీద రెండు గంటల పైమాటే. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. పాలకొల్లులో దిగితే ఇంకో లాభం, పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఊళ్ళోనే ఉంది. కారు వచ్చేలోపు దర్శనం అయిపోయింది.

దిండి వసిష్ఠ ఒడ్డున ఉంటుంది. పర్యాటక శాఖ రిసార్టుతో పాటు ప్రైవేటువీ ఉన్నాయి. మేం దిగిన ప్రైవేటు రిసార్టు పేరు ఇక్కడ అనవసరం. నది కనిపించే గది అని ఎక్కువ డబ్బు కట్టించుకున్నారు. కిటికీ తెరిస్తే ముందు జనరేటర్ షెడ్డు, దాని పక్క సందులోంచి జానెడు గోదారి. కిందకి వెళ్ళి అడిగితే గొడవేమీ లేకుండా పై అంతస్తుకి మార్చారు. అడక్కపోతే అదే మన గది! కాబట్టి బుక్ చేసేటప్పుడే గది నంబరు, అంతస్తు అడిగి, కిటికీలోంచి తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. తిండి మాత్రం మార్చగలిగేది కాదు. బఫేలో పనీర్ బటర్ మసాలా, నూడుల్స్. గోదారి ఒడ్డున కూర్చుని చేపల పులుసు కావాలంటే ముందురోజు చెప్పాలట.

హౌస్‌బోటులో రాత్రి ఉండే ప్యాకేజీకి నేనైతే డబ్బు పెట్టను. చీకటి పడేసరికి బోటుని ఒడ్డుకి తెచ్చి కట్టేస్తారు. ఇక తెల్లారేదాకా అది నీళ్ళ మీద ఇరుకు గది, పైగా జనరేటరు మోత. సూర్యాస్తమయానికి ముందు బయల్దేరే గంట, రెండు గంటల షికారు చాలు. లైఫ్‌జాకెట్లు మూలన కుప్పగా పడేసి ఉంటే, తీసి ఇచ్చేదాకా బోటు కదలనివ్వకండి. మా బోటులో మేం అడిగాకే తీశారు.

ఈ ప్రయాణంలో పెట్టిన డబ్బుకి తగ్గ సుఖం దొరికింది రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఉన్న ఒక ఇంట్లో. పాత మండువా ఇల్లు, పై గదులు రెండు అతిథులకిస్తారు. గీజరు లేదు, బకెట్టుతో వేణ్ణీళ్ళు తెచ్చిస్తారు. రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించాలి. దోమతెర లేకుండా పడుకునే ధైర్యం ఎవరూ చెయ్యొద్దు. ఇవన్నీ సరే అనుకునేవాళ్ళకి మాత్రమే చెప్తున్నాను, ఏసీ లేనిదే నిద్రపట్టనివాళ్ళకి కాదు.

ఇంటావిడ వెళ్ళగానే అడిగిన మొదటి ప్రశ్న, "చేపలు తింటారాండీ?" తింటాం పిన్నిగారూ అనగానే, "ఆయ్, అయితే పొద్దున్నే రేవుకి మనిషిని పంపుతానండి" అన్నారు. మధ్యాహ్నం బొమ్మిడాయిల పులుసు, చిక్కుడుకాయ కూర, ముద్దపప్పు. పులస చేప ఆశతో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అది గోదారికి ఎర్రనీరు వచ్చే జూలై–సెప్టెంబరు నెలల సరుకు. మేం వెళ్ళింది డిసెంబరులో. అప్పుడు కూడా దారిలో ఒక హోటల్ బోర్డు మీద పులస కనిపించింది, మేం ఆగలేదు.

సాయంత్రం బాబాయిగారు తోట చూపించారు. "ఈ చెట్లన్నీ తుపాను తర్వాత వేసినవేనండి" అన్నారు. 1996 నవంబరు 6 నాటి తుపాను సంగతి. ఆ ఒక్క రాత్రి ఈ ప్రాంతంలో కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి. ఆయన చెట్టు కాండం మీద మట్టల గుర్తులు చూపిస్తూ వయసు లెక్కగడుతుంటే మా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. ఏ రిసార్టు ప్యాకేజీలోనూ ఇది రాదు.

ఇక అంతర్వేది. గుడి సంగతి అందరికీ తెలిసిందే. మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం పోటెత్తుతారు. కల్యాణం చూడాలని కాకపోతే ఆ వారం వదిలేయడమే మేలు. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక ఊహించుకుని వస్తే బీచి నిరాశపరుస్తుంది. వసిష్ఠ తెచ్చే ఒండ్రుతో సముద్రం ఇక్కడ మట్టిరంగులోనే ఉంటుంది. నదీ సముద్రమూ కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు చూడ్డానికి వెళ్ళండి, ఈతకి దిగొద్దు. సంగమం దగ్గర లోపలి లాగుడు పైకి కనపడదు. బట్టలు మార్చుకునే చోటు, శుభ్రమైన బాత్రూము కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఉంటే గది దగ్గరే అన్నీ ముగించుకుని బయల్దేరండి. ఊరికే సముద్రం ముందు కూర్చోవాలంటే అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళడం నయం. జనం తక్కువ.

తిరుగుదారిలో కావాలనే సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి పంటు ఎక్కాం. రెండు పడవల్ని కలిపి పైన చెక్కలు పరిచిన బల్ల అది, అంతే. గట్టుకీ దానికీ మధ్య రెండు పలకలు వేసి కారుని వాటి మీదుగా ఎక్కిస్తారు. పంటు కుర్రాడు ముందు నిలబడి వేళ్ళతోనే స్టీరింగు తిప్పిస్తాడు. "రానీ, రానీ... ఆపండి బాబూ! హ్యాండ్‌బ్రేకేసి గేర్లో ఉంచండి." చక్రాల కింద చెక్కముక్కలు తోసేలోపే మా చుట్టూ మోటార్‌సైకిళ్ళు, చేపల బుట్టలు, పాలకేన్లు సర్దేశారు. కారు తలుపు తెరుచుకునే జాగా లేదు. అద్దం దించి చూస్తే గోదారి చెయ్యి చాపితే అందేలా ఉంది. ఆఖరి పంటు ఎన్నింటికో రేవులోనే అడిగి తెలుసుకోండి. వరద ఉంటే అసలే నడపరు.

కారు రాజోల్లోనే రోజు అద్దెకి మాట్లాడుకున్నాం. డ్రైవరు ఆ ఊరివాడైతే మంచిది. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారని కాలవగట్టు మీదకి ఎక్కిస్తుంది. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చిందంటే రివర్స్‌లో వెళ్ళాల్సింది మనమే.

కాలం విషయానికొస్తే డిసెంబరు, జనవరి హాయి. కానీ సంక్రాంతి వారం గదులు దొరకవు, దొరికినా రేట్లకి అంతుండదు. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం జాతర చూడాలంటే మాత్రం ఆ ఖర్చుకి సిద్ధపడాల్సిందే. ఎండాకాలం ఉక్కపోత. జూలై, ఆగస్టుల్లో గోదారికి వరదొస్తే నది పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళకి దారులే మునిగిపోతాయి.

కోరింగ మడ అడవులు, యానాం గౌతమికి అవతల ఉన్నాయి. వాటిని అంతర్వేది రోజునే ఇరికించకండి. కాకినాడ మీదుగా తిరిగెళ్ళేవాళ్ళకే అవి కలిసొస్తాయి.

మేం రాజమండ్రిలో రైలెక్కాలి కాబట్టి రావులపాలెం, ర్యాలి, ఆత్రేయపురం మీదుగా పోయాం. ర్యాలిలో ఒకే శిల ముందు వైపు కేశవుడు, వెనక మోహిని. అర్చకులు దీపం పట్టి చూపిస్తారు, తొందరపడకండి. ఆత్రేయపురంలో పూతరేకులు రోడ్డు పక్క దుకాణాల్లో కన్నా, రేకులు తీసే ఇంటి దగ్గర కొంటే చూడ్డానికీ ఉంటుంది. కింద కొబ్బరిమట్టలు మండుతుంటే బోర్లించిన కుండ మీద, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో రేకు లేచొస్తుంది. బెల్లంవి త్వరగా మెత్తబడతాయన్నారు, దూరప్రయాణమైతే పంచదారవి తీసుకోండి.

అక్కణ్ణుంచి బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటితే ధవళేశ్వరం. మూడు రోజులూ మనం పక్కనే ప్రయాణించిన కాలవలకి మూలం ఇక్కడే, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట. రైలు సాయంత్రమైతే కాటన్ మ్యూజియానికి ఒక గంట మిగుల్చుకోండి. బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగిపోవడం మామూలే, ఆ లెక్క కూడా వేసుకుని ఆత్రేయపురంలో మధ్యాహ్నానికల్లా బయల్దేరండి.